ఇనుము లేని నక్షత్రాల వేట

మహావిస్ఫోటం మిగిల్చింది హైడ్రోజన్, హీలియం, రవ్వంత లిథియం. మిగతా మూలకాలు దాదాపు అన్నీ తర్వాత నక్షత్రాల వల్ల పుట్టినవే. ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్కలో అవన్నీ, కార్బన్‌తో సహా, లోహాలే. వాటిని కొలిచేది సాధారణంగా ఇనుముతోనే. లోహాలు ఎంత తక్కువుంటే నక్షత్రం అంత తొలితరానికి దగ్గరిది. అలాంటివి బహు అరుదు. చిక్కంతా వాటిని ఏరడంలోనే ఉంది.

నక్షత్రం కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటంలో ఒక్కో మూలకం కాంతిని మింగిన చోట నల్లటి గీతలు పడతాయి. ఆ గీతల బలం ఉష్ణోగ్రతను బట్టి మారుతుందని మేఘనాథ్ సాహా 1920లోనే చూపించారు. అందుకే గీతలు పలచగా కనిపిస్తే బాగా వేడి నక్షత్రమని సరిపెట్టుకునేవారు. 1951లో జోసెఫ్ చాంబర్లేన్, లారెన్స్ ఆలర్ హెచ్‌డీ 19445, హెచ్‌డీ 140283 అనే నక్షత్రాలను పరిశీలించి, కారణం వేడి కాదు, లోహాలే తక్కువన్నారు. నక్షత్రాలన్నిటి కూర్పూ ఇంచుమించు ఒకటేనని నమ్మిన రోజుల్లో అది తెగువే.

ఒక్కో నక్షత్రానికీ పెద్ద టెలిస్కోపు కేటాయించలేరు. ముందు వడపోత కావాలి. దానికి పనికొచ్చింది ఊదా రంగు అంచున, 393.4 నానోమీటర్ల దగ్గరుండే కాల్షియం కె గీత. ఇనుప గీతలు మాయమైన చోట కూడా అది మిగులుతుంది. జార్జ్ ప్రెస్టన్, స్టీఫెన్ షెక్ట్‌మన్, తర్వాత తిమోతి బీర్స్ నడిపిన హెచ్‌కే సర్వేలో పట్టకం అమర్చిన టెలిస్కోపుతో ఫొటో పలకలు తీసి, సూక్ష్మదర్శినిలో కంటితో చూసి ఆ గీత పలచగా ఉన్నవాటిని ఏరేవారు. ఇంత ఓపికైన పని ఈ రంగంలో మరొకటి లేదనిపిస్తుంది.

హాంబర్గ్-ఈఎస్ఓ (యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ) సర్వే పలకలను కంప్యూటర్‌కెక్కించి వెతికితే 2002లో హెచ్ఈ 0107-5240 అనే నక్షత్రం బయటపడింది. ఇనుము సూర్యుడిలో ఉన్నదానిలో రెండు లక్షలో వంతు. కార్బన్ మాత్రం దండిగా ఉంది! అంటే ఇనుము లేనిదల్లా లోహాలు లేనిది కాదు. 2011లో స్లోన్ ఆకాశ సర్వే సమాచారంలో దొరికిన నక్షత్రంలో కార్బన్ కూడా కనిపించలేదు. 2014లో ఆస్ట్రేలియాలోని స్కైమ్యాపర్ టెలిస్కోపు పట్టిన నక్షత్రంలోనైతే ఇనుప గీత ఒక్కటీ కనబడలేదు.

2022లో ఐరోపా ఉపగ్రహం గయా తీసిన 22 కోట్ల వర్ణపటాలు విడుదలయ్యాయి. అవి ముతకవి, బాగా తక్కువ లోహాలున్న చోట నమ్మకం సడలుతుంది. ప్రిస్టీన్ అనే ఖగోళ బృందం అంతకుముందు నుంచే హవాయిలోని టెలిస్కోపుపై కాల్షియం గీతలకే సరిపోయే సన్నని ఫిల్టర్ వాడుతూ వచ్చింది. గయా వర్ణపటాల నుంచి కూడా అదే ఫిల్టర్‌లో ఎంత కాంతి కనిపించాలో లెక్కగట్టి జాబితాలు తయారు చేసింది. వాటిలో తేలినవాటిని పెద్ద టెలిస్కోపుతో ఒక్కొక్కటిగా సరిచూడక తప్పదు.