గేమ్ నత్తనడక నడుస్తోందా? గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

భీమవరంలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. వేసవి వచ్చిందంటే గేమింగ్ పీసీలతో వచ్చే కుర్రాళ్లందరిదీ ఇంచుమించు ఒకే మాట: "మొదట పావుగంట బానే ఆడుతుందండి, తర్వాత లాగ్ కొట్టేస్తోంది." దాని వెనకే ఇంకో మాట: "కొత్త గ్రాఫిక్స్ కార్డు ఎంతవుతుందండి?" ఆ రెండో ప్రశ్న దగ్గరే నాకు బాధ. ఈ వైపు చాలా ఇళ్లలో ఆ డబ్బు పంట చేతికొస్తేనే వచ్చేది.

అపోహ: ఫ్రేమ్‌లు పడిపోతున్నాయంటే కార్డు పాతబడినట్టే.

ఫ్రేమ్‌లంటే గ్రాఫిక్స్ కార్డు సెకనుకు ఇన్నని గీసి తెర మీదకు పంపే బొమ్మలు. కార్డు పాతదైతే ఆట మొదలెట్టిన నిమిషం నుంచే అవి తక్కువ వస్తాయి. బాగా ఆడి తర్వాత పడిపోతోందంటే ముందు వేడిని అనుమానించాలి. చిప్ హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది.

పాలకొల్లు దగ్గర రైస్ మిల్లు పక్కన ఉండే ఒక అబ్బాయి సైబర్‌పంక్ 2077 అనే గేమ్ ఆడుతుంటే 60 ఉన్న ఫ్రేమ్‌లు కాసేపటికి 25కి దిగేవి. దాళ్వా డబ్బులు రాగానే కార్డు కొందామని వాళ్ల నాన్నగారు క్యాబినెట్ పట్టుకుని వచ్చారు. మూత తీసి చూస్తే చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య ఊక దుమ్ము తేమకి ముద్దకట్టి అట్టలా పట్టేసింది. గాలి వెళ్లే దారే లేదు. మెత్తటి బ్రష్‌తో ఆ అట్ట వదిలించి, బ్లోయర్‌తో ఊది, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చాను. అదే కార్డు గంటసేపు 55కి తగ్గకుండా ఆడింది. మీరే ఊదుకుంటే ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే గాలి వేగానికి బేరింగ్ పాడవుతుంది.

అపోహ: నెట్ ప్లాన్ పెంచితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) పెరుగుతుంది.

పెరగదు. నెట్ బాగోకపోతే పెరిగేది పింగ్, అంటే గేమ్ సర్వర్‌కి సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం. ఫ్రేమ్‌లు తయారయ్యేది మీ పెట్టెలోనే.

అపోహ: సెట్టింగ్స్ అన్నీ 'లో' (తక్కువ) మీద పెడితే ఎలాంటి పీసీ అయినా పరిగెడుతుంది.

దీన్ని నమ్మి బొమ్మంతా మసక చేసుకుని ఆడేవాళ్లను చూశాను. ఒక చిన్న పరీక్ష చేయండి. ఆటలో రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) బాగా తగ్గించండి. ఫ్రేమ్‌లు ఒక్కసారిగా పెరిగితే అంతకుముందు భారం కార్డు మీద ఉన్నట్టు. అప్పుడు నీడలు, రే ట్రేసింగ్ (వెలుతురు నిజంలా పడేలా లెక్కగట్టే సెట్టింగ్) తగ్గించండి, బొమ్మను చిన్నగా గీసి తెరకు సరిపడా పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ గానీ ఎఫ్‌ఎస్‌ఆర్ గానీ ఆన్ చేయండి. ఫ్రేమ్‌లు కదల్లేదంటే ప్రాసెసర్ అందుకోలేకపోతోంది. అప్పుడు తగ్గించాల్సింది ఆటలో వీధుల్లో తిరిగే జనం సంఖ్య లాంటివి. ఆ పరిస్థితిలో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా తేడా పెద్దగా కనిపించదు. మామూలు 1080పీ తెరకు 20.7 లక్షల చుక్కలు, 1440పీకి 36.9 లక్షలు. 1440పీ మానిటర్ కొన్నాక ఆట నెమ్మదించిందంటే కారణం అదే.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే ఫ్రేమ్‌లు అంత పెరుగుతాయి.

ఆటకు సరిపడా ఉన్నాక ఎంత పెంచినా పెద్ద తేడా ఉండదు. సైబర్‌పంక్‌కే 2023లో కనీస ర్యామ్ 12 జీబీ చేశారు, హార్డ్ డిస్క్ కన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి చేశారు. 8 జీబీతో, పాత హార్డ్ డిస్క్ మీద ఆడుతూ కార్డును తిట్టడం న్యాయం కాదు. ఒకే 16 జీబీ ముక్క కన్నా రెండు 8 జీబీ ముక్కలు సరైన స్లాట్లలో పెడితే చాలా ఆటలు మెరుగ్గా ఆడతాయి.

అపోహ: లో వోల్టేజీ వల్లే లాగ్.

డెస్క్‌టాప్‌లో వోల్టేజీ మరీ పడిపోతే పీసీ ఆగిపోతుంది గానీ ఫ్రేమ్‌లు నెమ్మదిగా తగ్గవు. ల్యాప్‌టాప్ సంగతి వేరు. కరెంటు పోయి బ్యాటరీ మీదకు వెళ్లగానే వేగం పడిపోతుంది. తక్కువ వాట్ల చార్జర్ పెట్టినా అంతే.

సంక్రాంతికి ఇల్లు దులిపాక వచ్చే పీసీల్లో నేను ముందు చూసేది మానిటర్ కేబుల్. కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చేసి ఉంటారు, కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఆ కేబుల్ మార్చినందుకు నేను డబ్బు తీసుకోను.

మిల్లుల దగ్గర, కళ్లాల దగ్గర ఇల్లున్నవాళ్లు సార్వా మాసూళ్లు అయ్యాక ఒకసారి, దాళ్వా మాసూళ్లు అయ్యాక ఒకసారి మూత తీసి దుమ్ము దులపండి. రెండోది రోహిణి కార్తె ఎండలు రాకముందే అయిపోవాలి.