రచయిత్రుల రాతకు కొలబద్ద ఎవరిది?

స్త్రీలు రాసినదానికి విలువ కట్టడానికి కూర్చున్నవారి ముందు సాధారణంగా రెండు గడులుంటాయి. ఒకటి వస్తువు, రెండోది రూపం. ఏమి రాశారు, దాన్ని ఎలా అమర్చారు. పోటీల న్యాయనిర్ణేతలూ, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పత్రాలు రాసేవారూ, పత్రికల్లో సమీక్షకులూ ఈ రెండు గడులనే నింపుతారు. పైకి చూస్తే ఇందులో అన్యాయమేమీ కనిపించదు. కానీ తెలుగులో ఈ గడుల చరిత్ర అంత అమాయకమైనది కాదు. వస్తువు గడిలో చాలాకాలం రాసినామె నడవడికకే మార్కులు వేశారు. రూపం గడిలోనేమో ఆమె చేతిలో లేని అచ్చు, పుట, సంపాదకుడి కత్తెర, వీటన్నిటి లోపాలనూ ఆమె ఖాతాలో రాశారు.

మొల్ల తన రామాయణం పీఠికలో తానేమీ పెద్ద పండితురాలిని కాననీ, నిఘంటువులూ వ్యాకరణాలూ ఎరుగననీ, శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్ల కవిత్వం అబ్బిందనీ చెప్పుకుంది. ఆమె పద్యాలు నాలుగు చదివినవారెవరూ ఆ మాట నమ్మరు. అయినా ఆ వినయం అందరికీ నచ్చింది, నిలిచింది. పాఠ్యపుస్తకాల్లో ఆమె పరిచయం ఇప్పటికీ ఆ పద్యాలతోనే మొదలవుతుంది.

ముద్దుపళని పీఠిక సంగతి వేరు. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి (1739–63) ఆస్థానంలో ఉన్న ఈ కవయిత్రి 584 పద్యాల రాధికాసాంత్వనం రాసింది. తన ముందు తరాల స్త్రీలను, తన విద్వత్తును, తాను పండితులను సత్కరించిన తీరును, తనకు కృతులు అంకితమైన సంగతిని పీఠికలో నిస్సంకోచంగా చెప్పుకుంది. మగ కవులకు అది మామూలు సంప్రదాయమే. పందొమ్మిదో శతాబ్దంలో ఆ కావ్యాన్ని అచ్చు వేసినవారు మాత్రం పీఠికను తీసేశారు. కొన్ని శృంగార పద్యాలు కూడా ఎగిరిపోయాయి. పద్యాలు తీసేయడానికి అశ్లీలమనే సాకైనా ఉంది. ఒక స్త్రీ తన వంశాన్నీ తన పాండిత్యాన్నీ చెప్పుకున్న భాగంలో ఏ అశ్లీలముందో నాకు అంతుపట్టదు.

ఆ లోపాన్ని పట్టుకున్నది గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. ఒక వ్యాఖ్యానంలో ఈ కావ్యం ప్రస్తావన చూసి ఆమె వెతకడం మొదలుపెట్టారు. అచ్చు ప్రతి ఒకటి దొరికింది. తర్వాత రాతప్రతి సంపాదించి పోల్చి చూస్తే ఎంత కోత పడిందో తెలిసింది. పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్లవారి ద్వారా వెలువరించారు. అప్పటికే కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలో ముద్దుపళనిని తీవ్రంగా నిందించి ఉన్నారు. దేవదాసి అయిన ఆమె కులాన్ని, వృత్తిని ఎత్తిచూపి, స్త్రీ నోట రాకూడని మాటలు ఆ కావ్యంలో ఉన్నాయన్నారు. నాగరత్నమ్మ తన పీఠికలో దీనికి సూటిగా బదులిచ్చారు. సిగ్గు, సభ్యత ఆడవారికేనా, మగవారికి అక్కరలేదా అని అడిగారు. మగకవి రాసిన, వీరేశలింగం స్వయంగా చూసి అచ్చుకు ఆమోదించిన వైజయంతీవిలాసంలో అంతకన్నా మోటైన శృంగారం ఉందని గుర్తుచేశారు. తెలుగు సాహిత్య విమర్శలో ఇరు పక్షాలకూ ఒకే కొలబద్ద పెట్టండని ఒక స్త్రీ అచ్చులో అడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

సమాధానం పోలీసుల ద్వారా వచ్చింది. 1911లో మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని తేల్చి ప్రతులు జప్తు చేసింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా (ఇప్పటి మాటల్లో ముఖ్యమంత్రిగా) ఉన్న కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో మళ్లీ అచ్చయింది. నాగరత్నమ్మ కన్నుమూసినదీ ఆ ఏడాదే.

వీరేశలింగాన్ని ఇక్కడ ప్రతినాయకుణ్ణి చేసి వదిలేస్తే కథ సులువవుతుంది, కానీ నిజం కాదు. తెలుగులో స్త్రీల కోసం తొలి పత్రికగా చెప్పుకునే సతీహితబోధినిని 1883లో మొదలుపెట్టింది ఆయనే. స్త్రీలు చదవాలి, రాయాలి అని ఆయన నిజంగానే కోరుకున్నారు. ఏమి చదవాలో, ఎలాంటి స్త్రీ రాయాలో కూడా ఆయన మనసులో తేల్చుకుని ఉన్నారు. తలుపు తెరిచిన చేయే ద్వారం కొలతలూ నిర్ణయించింది. తర్వాత వచ్చిన పత్రికలు చాలావరకు ఆ కొలతల్లోనే నడిచాయి: ఇంటి నిర్వహణ, ఆరోగ్యం, పిల్లల పెంపకం, పతివ్రతల కథలు, కొంచెం భూగోళం.

అయితే పత్రిక అంటూ ఒకటి చేతికి వచ్చాక దానితో ఏమి చేయాలో స్త్రీలు సొంతంగా ఆలోచించుకున్నారు. 1902లో సత్తిరాజు సీతారామయ్య స్థాపించిన హిందూసుందరికి మొసలికంటి రామాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ సంపాదకులయ్యారు. ఆపైన పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి సావిత్రి పత్రిక నడిపారు. ఆమె వితంతు వివాహాలకు వ్యతిరేకి, ఆ విషయంలో వీరేశలింగం పక్షంతో గట్టిగా విభేదించారు. రచయిత్రులంతా సంస్కరణ వైపే ఉండాలని ఆశించేవారికి ఈ పేరు ఇప్పటికీ ఇబ్బందే. నాకు మాత్రం ఆమె ఉండటం అవసరమనిపిస్తుంది. స్త్రీల రచన అనగానే ఒకే గొంతు వినిపించాలనుకోవడం కూడా పాత కొలబద్దకు ఇంకో కొస.

హిందూసుందరి పుటల్లోనే భండారు అచ్చమాంబ కథలు వచ్చాయి. 1874లో నందిగామలో పుట్టిన ఆమెకు బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. మధ్య పరగణాలలో కాపురముంటూ తెలుగుతో పాటు మరాఠీ, హిందీ వశం చేసుకున్నారు. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల అచ్చయింది. స్త్రీలు బలహీనులు, వివేకం లేనివారు, చదివిస్తే చెడిపోతారు అనేవారి మాట తప్పని నిరూపించడమే తన ఉద్దేశమని ఆ పుస్తకంలో ఆమె స్పష్టంగా చెప్పుకున్నారు. వాదన చేయలేదు, వరుసగా జీవితాలు చూపించారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. 1905లో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు ముప్పై.

1902లో ఆమె రాసిన ధనత్రయోదశిలో బొంబాయిలో బతుకీడుస్తున్న పేద దంపతులు ఉంటారు. పండుగ కోసం యజమాని సొమ్ము తెచ్చిన భర్తను భార్య సరైన దారికి తెస్తుంది. ఎనిమిదేళ్ల తర్వాత, 1910 ఫిబ్రవరిలో, గురజాడ అప్పారావు దిద్దుబాటు ఆంధ్రభారతిలో వచ్చింది. అక్కడా దారి తప్పిన భర్తను భార్యే దిద్దుతుంది. తొలి తెలుగు కథ ఏదంటే దశాబ్దాల పాటు అందరూ దిద్దుబాటు పేరే చెప్పారు. పరీక్షల్లో అదే రాశారు, మార్కులూ తెచ్చుకున్నారు. అచ్చమాంబ కథలను పరిశోధకులు వెలికి తీశాక వాదన రూపం వైపు మళ్లింది. ఆమె కథల్లో ఆధునిక కథకు ఉండవలసిన శిల్పం లేదన్నారు, నీతిబోధ ఎక్కువన్నారు. ఆమె మరో కథ స్త్రీవిద్య మొత్తం భార్యాభర్తల సంభాషణగానే నడుస్తుంది కనుక అది కథే కాదన్నవారూ ఉన్నారు.

దిద్దుబాటు శిల్పం గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. సందేహం కొలత తీసుకున్న పద్ధతి మీద. స్త్రీల పత్రికలో చదువరి అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఇల్లాలు. కొన్ని ఇళ్లలో ఒకరు చదివితే పదిమంది వినేవారు. అక్కడ సంభాషణ, ఉత్తరం, పాట, దంపుళ్ల బాణీలో పద్యం, ఇవే పనికి వచ్చే రూపాలు. ఆ పుటకు తగిన రూపాన్ని ఎంచుకోవడం కూడా శిల్పమే అనుకుంటే, స్త్రీవిద్య రచయిత్రి తన పనిని ఎరిగే చేశారు. వేరే పుట కోసం, వేరే చదువరి కోసం తయారైన లక్షణాల పట్టీని తెచ్చి పక్కన పెట్టి ఇందులో ఇవి లేవనడం తేలిక.

1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో గృహలక్ష్మి ప్రారంభించారు. ఆయన ఆయుర్వేద వైద్యుడు, స్త్రీల కోసం తయారు చేసిన లోధ్ర అమ్మకాలతో పేరుపడినవారు. పత్రికలో ఆ మందు ప్రకటన తప్పనిసరి. ఇప్పటి మహిళా పుటల్లో ముఖానికి రాసుకునే క్రీముల ప్రకటనలను చూసి విసుక్కునేవారు ఆ పరంపర ఎంత పాతదో గమనించాలి. అయితే ఆ ప్రకటనల మధ్యనే కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు వచ్చాయి. శారద అనే స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలు అవి. ఇంటి ముచ్చటలా మొదలై ఖద్దరు, అస్పృశ్యత, బాల్యవివాహాలు, విడాకులు, వారసత్వ హక్కు వరకూ వెళ్లేవి. ఉత్తరం కనుక ఎవరికీ భయం వేయలేదు. స్నేహితురాలికి రాసుకునే మాటలను ఏ పెద్దమనిషి అడ్డగిస్తాడు? వ్యాసం రాసి ఉంటే వచ్చే ఎదురుగాలిని ఆమె ఉత్తరం అనే రూపంతో తప్పుకున్నారు. సాహిత్య చరిత్రకారులు చాలాకాలం వాటిని పత్రికా శీర్షికల కింద జమకట్టి రెండు వాక్యాలతో సరిపెట్టారు.

గృహలక్ష్మి 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చింది, మొదటిది వరలక్ష్మమ్మకే. రాతకు బహుమతిగా గాజు తొడగడమేమిటని ఈ కాలపు విమర్శకులు నవ్వవచ్చు. పెద్దన కాలికి గండపెండేరం తొడిగిన కథను గర్వంగా చెప్పుకునే జాతికి ఆ నవ్వు అంతగా అతకదు. కేవలం స్త్రీల రచనకు విలువ కట్టడానికి తెలుగులో అప్పట్లో ఉన్న పేరున్న వేదిక అది.

వారపత్రికల యుగంలో లెక్కలు తారుమారయ్యాయి. 1950ల తర్వాత చదువుకున్న స్త్రీలు పెరిగారు, అద్దె పుస్తకాల దుకాణాలు వచ్చాయి, సీరియళ్ల కోసం పత్రికలు కొనేవారు తయారయ్యారు. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. వంట నుంచి ప్రపంచ రాజకీయాల దాకా ఏది అడిగినా జవాబిచ్చేవారు. యద్దనపూడి సులోచనారాణి నవలలకు పాఠకులు ఎగబడ్డారు. రచయిత్రుల పేరుకు గిరాకీ ఎంత పెరిగిందంటే మగవారు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీత పేరుతో రాసిన ఇల్లాలి ముచ్చట్లు అందరికీ గుర్తే. విమర్శకులు మాత్రం ఈ నవలలన్నిటినీ కలల రాకుమారుల కథలని ఒక్క మాటతో కొట్టేశారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ అదే పత్రికలో, అదే సంపాదకుడి అవసరం కోసం, అదే వారం గడువుతో మగవారు రాసిన డిటెక్టివ్ సీరియళ్ల మీద అంత కోపం ఎవరికీ రాలేదు.

1980లలో వస్తువే తగాదా అయింది. ప్రసవం, పైట, పడకగది, వంటిల్లు కవిత్వంలోకి వచ్చాయి. 1993లో స్త్రీవాద కవితా సంకలనం నీలిమేఘాలు వెలువడింది. కొందరు దీన్ని నీలి కవిత్వమన్నారు. ముద్దుపళని మీద వేసిన నింద ఇరవయ్యో శతాబ్దం చివర కొత్త ముద్రణ పొందిందన్నమాట. ఈసారి తేడా ఏమిటంటే బదులు చెప్పడానికి ఒక్క నాగరత్నమ్మ కాదు, చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో 1985 నుంచి అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం పనిచేస్తోంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో మనకు తెలియని మన చరిత్రగా తెచ్చింది. రాయని స్త్రీల జ్ఞాపకాలకు కూడా పుస్తకంలో చోటు దొరికింది. సూసీ తారు, కె. లలిత 1991లో భారతీయ భాషల స్త్రీల రచనలను ఆంగ్లంలో సంకలనం చేసినప్పుడు ముందుమాటను నాగరత్నమ్మ, రాధికాసాంత్వనం ఉదంతంతోనే మొదలుపెట్టారు. తంజావూరులో పుట్టి మద్రాసులో కోతపడిన పీఠిక అలా ప్రపంచం ముందుకు వెళ్లింది.

సంస్థల లెక్క చూస్తే ఆలస్యం ఇంకా తేటగా కనిపిస్తుంది. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు 1955లో మొదలయ్యాయి. తెలుగులో ఒక రచయిత్రికి అది తొలిసారి దక్కింది 1982లో, ఇల్లిందల సరస్వతీదేవి స్వర్ణకమలాలుకు. స్త్రీల సాహిత్యాన్ని స్త్రీ దృక్పథంతో అంచనా వేసిన విమర్శ గ్రంథానికి గుర్తింపు రావడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది. అది కాత్యాయనీ విద్మహే రాసిన సాహిత్యాకాశంలో సగం.

ఇంటర్నెట్ వచ్చాక సంపాదకుడి కత్తెర తప్పింది. నిడదవోలు మాలతి 2001లోనే అమెరికా నుంచి తెలుగు కథల అనువాదాల కోసం తూలిక అనే వెబ్ పత్రికను నడపడం మొదలుపెట్టారు. యూనికోడ్ అక్షరాలు, 2006లో వచ్చిన లేఖిని వంటి ఉపకరణాల వల్ల తెలుగులో రాయడం సులువయ్యాక ఎందరో స్త్రీలు బ్లాగుల రూపంలో తమ పుట తామే తెరుచుకున్నారు. వంట, ప్రయాణం, చిన్నప్పటి ఊరు, పుస్తక పరిచయం, కోపం, అన్నీ పక్కపక్కనే. ఒక విషయానికి కట్టుబడలేదన్నది వీటి మీద తరచుగా వినిపించే ఫిర్యాదు. శారద లేఖలూ కట్టుబడలేదు. రెండో ఫిర్యాదు రంగులు, పూల అంచులు, కిక్కిరిసిన అమరిక గురించి. ఆ మూసలు తయారు చేసింది ఎక్కడో ఉన్న కంపెనీలు. అందులో రచయిత్రి చేయగలిగింది ఉన్న నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడమే. తెలుగు అక్షరానికి సరిపడే ఖాళీ వదలని మూసలో గుణింతాలూ ఒత్తులూ ఒకదాని మీద ఒకటి పడితే, ఆ తప్పునూ రూపం గడిలో ఆమెకే వేస్తున్నారు.

కంపెనీల చేతిలో ఉన్నది అమరిక ఒక్కటే కాదు. యాహూ తన చర్చా గ్రూపులను 2020 డిసెంబరులో మూసేసింది. ఉచిత సేవల మీద రాసుకున్నవి ఇలా ఎప్పుడైనా పోవచ్చు. అచ్చమాంబ కథలను వెతికి తీయగలిగారంటే ఎవరో ఒకరి బీరువాలో, ఏదో గ్రంథాలయంలో పాత సంచికలు మిగిలాయి కనుక. ఈ తరం రచయిత్రుల పుటలకు నకళ్లు తీసి, తేదీతో సహా దాచే పనిని తెలుగు విశ్వవిద్యాలయాలు గానీ, రెండు రాష్ట్రాల గ్రంథాలయ శాఖలు గానీ నెత్తికెత్తుకుంటే తర్వాతి పరిశోధకులకు కొలవడానికి ఏదైనా దొరుకుతుంది.