సంకర ఆవు వెంట వచ్చిన జ్వరం

ఎండలు ముదిరాక గుంటూరు చుట్టుపక్కల సంకర జాతి ఆవుకి జ్వరం తగిలిందంటే రైతుకి టెన్షనే. ఒళ్లు 105, 106 డిగ్రీలకు కాలిపోతుంది, భుజం ముందు బిళ్లలు కడతాయి, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. పేరు థైలేరియాసిస్. మోసుకొచ్చేది పిడుదు.

పిడుదులు రోగాన్ని అంటిస్తాయని మొదట రుజువైంది దీని దాయాది జబ్బు మీద. అమెరికా పశువుల్ని పీడించిన ఆ టెక్సాస్ ఫీవర్ సంగతి 1893లో అక్కడి శాస్త్రవేత్తలు స్మిత్, కిల్‌బోర్న్ తేల్చారు. మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా దోమ గుట్టు విప్పింది ఆ తర్వాత నాలుగేళ్లకి! ఇక మన ఆవుల్ని పీడించే థైలేరియా ఆన్యులేటా అనే క్రిమిని 1904లో కాకసస్ ప్రాంతంలో గుర్తించారు.

ఈ క్రిమి ఇక్కడికి కొత్తేమీ కాదు. ఒంగోలు జాతి దాన్ని చాలావరకు తట్టుకుంది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాడి పథకం మొదలయ్యాక పాల కోసం విదేశీ జాతులైన జెర్సీ, హోల్‌స్టీన్ రక్తాన్ని దేశవాళీ ఆవుల్లో కలిపారు. పాలు పెరిగాయి, తట్టుకునే శక్తి తగ్గింది. ఆ లెక్క అప్పుడు గట్టిగా వేసుకోలేదని నా అభిప్రాయం.

క్రిమి చేసే పని విచిత్రంగా ఉంటుంది. తెల్లరక్త కణంలో దూరి, దాన్ని క్యాన్సర్ కణంలా ఆపకుండా విభజన చెందేలా చేస్తుంది. కణం రెండైతే తానూ రెండవుతుంది. ఆ బిళ్లలకు కారణం ఇదే. మందుతో క్రిమిని చంపితే కణం ఆ పెరుగుదల మానేస్తుంది. అందుకే క్యాన్సర్ పరిశోధకులు కూడా దీని మీద పని చేస్తున్నారు. 2005లో దీని జన్యుపటం మొత్తం వెలువడింది.

1980లలో వచ్చిన బుపార్వాక్వోన్ సూది ఎన్నో ఆవుల్ని నిలబెట్టింది. అయితే ట్యునీషియా, ఇరాన్‌లలో ఆ మందుకి లొంగని క్రిములు బయటపడ్డాయి. మన దగ్గర హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ‘రక్షావాక్-టి’ టీకా తెచ్చింది. ప్రయోగశాలలో బలం తగ్గించిన సజీవ క్రిమే అందులోని సరుకు. ద్రవ నైట్రోజన్‌లో ఉంచాలి కాబట్టి పల్లె దాకా చేర్చడమే తంటా.

పిడుదుల మందు ఆవు ఒంటికి రాసి ఊరుకుంటే చాలదు. ఈ రోగాన్ని మోసే పిడుదు రక్తం తాగి రాలిపోయి, గొడ్ల చావిడి గోడ పగుళ్లలో దాక్కుని కుబుసం విడుస్తుంది. పిల్ల దశలో తాగిన రక్తంతో ఎక్కిన క్రిమిని తర్వాతి దశలో ఇంకో ఆవుకి అంటిస్తుంది. కాబట్టి సిమెంటు పూసి ఆ పగుళ్లు మూయడం కూడా వైద్యంలో భాగమే.