అమ్మకు హెచ్‌ఐవీ, బిడ్డకు నెగెటివ్: మరి మాటల సంగతి?

పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్‌ని. హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ నుంచి మా దగ్గరికొచ్చే తల్లులు, వెంట వచ్చే అమ్మమ్మల నోట పదేపదే వినే మాటలివి.

అపోహ: తల్లికి ఉంటే బిడ్డకూ వచ్చి తీరుతుంది.
మందులేవీ వాడకపోతే 100 మంది పిల్లల్లో 15 నుంచి 45 మందికి సోకుతుంది. తల్లి రోజూ మాత్రలు వేసుకుంటూ, బిడ్డకు పుట్టగానే వైరస్‌ను అడ్డుకునే నెవిరపిన్ సిరప్ పడితే అది 5 కంటే కిందికి దిగుతుంది.

అపోహ: పుట్టిన కొత్తలో టెస్టు పాజిటివ్ వచ్చింది, ఇక అంతే.
మామూలు టెస్టు చూసేది యాంటీబాడీలను, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలను. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండొచ్చు. అందుకే 6 వారాల టీకాకు వచ్చినప్పుడు మడమ మీద గుచ్చి, రక్తపు చుక్కలు కార్డు మీద ఆరబెట్టి, వైరస్‌నే వెతికే పరీక్షకు పంపుతాం. అందులో పాజిటివ్ వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దు. మందులు అందని పసివాళ్లలో వైరస్ మెదడును దెబ్బతీస్తుంది. నిన్నమొన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోవచ్చు.

అపోహ: నెగెటివ్ వచ్చింది, ఇక ఆసుపత్రితో పనిలేదు.
నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. 6, 12, 18 నెలల పరీక్షలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ఎదుగుదలా చూడాలి. దక్షిణాఫ్రికాలోని డ్రేకెన్‌స్టైన్‌లో పిల్లల్ని పుట్టుక నుంచి గమనిస్తే, హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లల్లో, తమకు సోకకపోయినా, రెండేళ్ల వయసుకి మాటల ఆలస్యం కాస్త ఎక్కువగా కనిపించింది. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువు, అమ్మ అనారోగ్యం, అమ్మ దిగులు, అన్నీ కలిసి బిడ్డ మీద పడతాయి.

ఓ 9 నెలల పాప వచ్చింది. చక్కగా కూర్చుంది, గిలక్కాయను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. నోట్లోంచి ‘బబ’ లేదు, ‘తత’ లేదు. వినికిడి పరీక్ష బాగానే ఉంది. వాళ్లమ్మ కొంగు ముక్కు మీదికి లాక్కుని, "ముద్దు పెడితే అంటుకుంటుందేమోనని పాలిచ్చి పక్కన పడుకోబెట్టేస్తానండీ" అంది. ముద్దుతో రాదమ్మా, నీళ్లు పోస్తూ, అన్నం వండుతూ పాపతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు అని చెప్పి పంపాను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి ఫిర్యాదు వేరు: "అమ్మా అనకుండా ‘అత్త అత్త’ అంటోంది, మా అత్తగారేమో మురిసిపోతోంది!"

అపోహ: తల్లి వేసుకునే మాత్రల వల్లే బిడ్డ మొద్దవుతాడు.
ఈ మాట నమ్మి మాత్రలు మానేస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే. మానొద్దు.

పాల విషయం ఒక్క మాట: మొదటి 6 నెలలు తల్లిపాలైతే తల్లిపాలే, పోతపాలైతే పోతపాలే. రెండూ కలపొద్దు.

4 నెలలకు మెడ నిలవకపోయినా, 9 నెలలకు కూర్చోకపోయినా, 18 నెలలకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా తీసుకురండి. నెలలు నిండకుండా పుడితే ఆ తేడా తీసేసి లెక్కేయాలి. అంగన్‌వాడీలో మీ జబ్బు సంగతి చెప్పక్కర్లేదు. "పాపకి మాటలు ఆలస్యం" అంటే చాలు, మా దగ్గరికి పంపిస్తారు.