లీష్‌కు ఈ చివర ఉన్న మనిషి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ బడి మైదానంలో పోలీసు జాగిలాల ప్రదర్శన జరిగిందని, వరసగా పెట్టిన ఆరు పెట్టెల్లో నాలుగోదాని ముందు కుక్క ఠక్కున కూర్చోగానే అందరూ చప్పట్లు కొట్టారని రాశారు. వస్తువు ఆ పెట్టెలోనే ఉందని కుక్కకు ఎలా తెలిసిందో చెప్పమని అడిగారు. చాలా ఏళ్లు వాసన పట్టే జాగిలాలతో పనిచేసినవాడిని కనుక జవాబు రాస్తాను. కానీ అంతకంటే ముందు నేనూ మిమ్మల్ని ఒక మాట అడగాలి. వస్తువు ఏ పెట్టెలో ఉందో లీష్ (కుక్కను పట్టుకునే తాడు) పట్టుకున్న పోలీసుకు ముందే తెలుసా? తెలిసి ఉంటే మీరు చూసినది మంచి ప్రదర్శనే గాని పరీక్ష కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది, కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ముక్కు సంగతి. వాసనను గుర్తించే గ్రాహకాలు మనిషి ముక్కులో సుమారు 50, 60 లక్షలు ఉంటే, కుక్క ముక్కులో అవి 20 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. సంఖ్య అటుంచితే, గాలి పీల్చే తీరే వేరు. వాసన చూస్తున్న కుక్క సెకనుకు ఐదుసార్ల వరకు చిన్నచిన్నగా గాలి లాగుతుంది. లోపలికి గాలి ముందు రంధ్రాల గుండా వెళ్తుంది, బయటికి వచ్చే గాలి ముక్కు పక్కన ఉన్న చీలికల నుంచి వెనక్కి పోతుంది, అందువల్ల ఎదురుగా ఉన్న వాసన చెదరకుండా ఉంటుంది. పక్కనే మోకాళ్ల మీద కూర్చుంటే ఆ చప్పుడు చెవికి అందుతుంది. వెతుకుతున్న వాసన తగలగానే, అప్పటిదాకా తెరిచి ఉన్న కుక్క నోరు మూసుకుంటుంది, శ్వాస పొట్టిదై గబగబా సాగుతుంది, తోక ఊపు బిగుసుకుంటుంది, దాటిపోయిన చోటి వైపు తల ఒక్క విసురున వెనక్కి తిరుగుతుంది. కుక్క కూర్చోవడం మనం నేర్పిన సైగ. ఈ మార్పు మాత్రం దాని సొంతం. అనుభవం ఉన్న హ్యాండ్లర్, అంటే కుక్కను వెంట నడిపించేవాడు, అది కూర్చోవడం కంటే దీన్నే ఎక్కువగా నమ్ముతాడు. నోరు తెరిచి రొప్పుతున్న కుక్క ఇలా వాసన చూడలేదు, అందుకే ఎండలో అలసిపోయిన జాగిలాన్ని వెతకమని తోలితే, దొరకకపోయినప్పుడు ఆ తప్పు తోలినవాడిదే.

ఇంతటి ముక్కు దాదాపు ప్రతి కుక్కకూ ఉంది. మరి ప్రతి కుక్కా పోలీసు జాగిలం ఎందుకు కాలేదు? 1899లో బెల్జియంలోని ఘెంట్ నగర పోలీసులు రాత్రి గస్తీకి కుక్కలను ఒక పద్ధతి ప్రకారం తయారుచేయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఈ ప్రశ్న ఉంది. జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినాయిస్, లాబ్రడార్, స్పానియల్, బీగల్ అని జాతుల పేర్లు చెబుతారు, అవి నిజమే. అయితే ఒకే ఈతలో పుట్టిన కూనల్లో ఒకటి పనికొస్తుంది, దాని తోబుట్టువు పనికిరాదు. ఏడాది, ఏడాదిన్నర వయసు కుక్కను తీసుకొచ్చి, దానికి బంతి చూపించి, నడుమెత్తు గడ్డిలోకి విసిరి, కాసేపు అలాగే పట్టుకుని తర్వాత వదులుతాం. కొన్ని రెండు నిమిషాలు తిరిగి, బంతి దొరక్క, ఎగిరే సీతాకోకచిలుక వెంట పోతాయి. కొన్ని మనిషి దగ్గరికి వచ్చి సాయం అడుగుతాయి. ఏదో ఒకటి మాత్రం గాలి వీచే వైపు తిరిగి, తల దించి, అలసట వచ్చినా, ఎవరు పిలిచినా పట్టించుకోకుండా ఆ గడ్డినంతా జల్లెడ పడుతుంది. మనకు కావలసింది ఆ పట్టుదల. పుట్టుకతో లేని పట్టుదలను ఏ శిక్షణా తెచ్చి పెట్టలేదు, అందుకే ఎంపిక దగ్గర మొహమాటపడిన చోట శిక్షణంతా వృథా అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

తర్వాత గుండెధైర్యం చూస్తాం. జారే నేల, కింద అంతా కనిపించే ఇనుప మెట్లు, చీకటి గది, వెనక నుంచి పెద్ద చప్పుడు. కుక్క ఉలిక్కిపడినా ఫరవాలేదు. ఎంతసేపట్లో తేరుకుని పనిలో పడుతుందో చూడాలి. కోపిష్టి కుక్క మంచి పోలీసు కుక్క అవుతుందని చాలామంది అనుకుంటారు. మూల నుంచి పళ్లు చూపించే కుక్క చాలాసార్లు భయపడిన కుక్కే, దాన్ని జనంలోకి తీసుకువెళ్లకూడదు. తుంటి కీళ్ల ఎక్స్‌రే కూడా తీయించాలి, ఎందుకంటే పెద్ద జాతుల్లో ఆ కీళ్ల లోపం సాధారణం.

పారిపోయేవారిని పట్టుకునే జాగిలాల గురించి కూడా అడిగారు. నేను ఆ విభాగంలో తక్కువ కాలం ఉన్నాను, కనుక ఒక్క మాటే చెబుతాను: ఆ కుక్క ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసి మురిసిపోయేవాడికి ఆ పని అప్పగించకూడదు. ఒక్క పిలుపుకు పట్టు వదలాలి, పరుగు మధ్యలో రమ్మంటే వెనక్కి తిరగాలి. ఆ రెండూ రాని కుక్క మన చేతిలోని తాళం లేని ఆయుధం లాంటిది. దెబ్బలతో ఇది నేర్పవచ్చనుకున్నవారిని చూశాను. వాళ్ల కుక్కలు యజమాని చేయి లేచినప్పుడు వదిలేవి, చేయి కనిపించని చీకట్లో వదిలేవి కావు.

ఇక వాసన నేర్పడం. కుక్కకు మాదకద్రవ్యమంటే ఏమిటో తెలియదు, నేరమంటే అసలే తెలియదు. ఈ వాసన దొరికితే బంతి వస్తుంది, దానికి తెలిసినదల్లా ఇంతే. గడ్డిలో బంతి కోసం చూపిన ఆ పట్టుదలను మెల్లగా ఒక వాసనకు ముడిపెడతాం. పేలుడు పదార్థాలు వెతికే కుక్కకు గోకడం, మొరగడం నేర్పరు. కదలకుండా కూర్చోవడమే నేర్పుతారు, ఎందుకో మీరే ఊహించగలరు. ఇక్కడ పైకి కనిపించని ఒక చిక్కు ఉంది. శిక్షణ కోసం దాచే పదార్థపు నమూనాను ఎప్పుడూ ఒకే రకం ప్లాస్టిక్ సంచిలో పెడితే కుక్క ఆ సంచి వాసన నేర్చుకోవచ్చు, లేదా అంటించిన టేపు వాసన, దాచినవాడి చేతి తొడుగుల వాసన నేర్చుకోవచ్చు. శిక్షణ కేంద్రంలో ప్రతిసారీ సరిగ్గా కూర్చుంటుంది, బయట అసలు వస్తువు పక్కనే నడిచి వెళ్లిపోతుంది. అందుకే మిగతా పెట్టెల్లో కూడా అదే రకం ఖాళీ సంచులు, అదే టేపు, అదే చేతులు ముట్టిన వస్తువులు పెట్టాలి. ఇది విసుగు పుట్టించే పని. దీన్ని ఓపికగా చేసే శిక్షకుడు దొరకడం మంచి కుక్క దొరకడం కంటే కష్టం.

ఇప్పుడు నా మొదటి జాగిలం రాణి గురించి చెప్పాలి. అది లాబ్రడార్, నల్లది. తొలి రోజుల్లో పన్నెండు పెట్టెలు వరసగా పెట్టి, నమూనా ఎక్కడ దాచారో నాకు ముందే చూపించేవారు, సరైన చోట వెంటనే బంతి ఇవ్వడానికి అది అవసరం అనేవారు. ఒకరోజు దాచినతను చివరి క్షణంలో పెట్టె మార్చి నాతో చెప్పడం మరిచిపోయాడు. నేను ఏడో పెట్టె అనుకుంటూ నడిచాను. ఏడోదాని దగ్గరికి రాగానే నా అడుగు తగ్గింది, లీష్ సడలింది, కుడి చేయి బంతి ఉన్న జేబు వైపు కాస్త కదిలింది. రాణి పెట్టె వాసన చూసింది, ఎనిమిదో పెట్టె వైపు ఒక అడుగు వేసింది, ఆగి నా ముఖంలోకి చూసింది, వెనక్కి వచ్చి ఏడో పెట్టె ముందు కూర్చుంది. నేను సంబరంగా బంతి విసిరాను. నమూనా పదో పెట్టెలో ఉంది.

రాణి అబద్ధమాడిందని ఇప్పటికీ అనను. నా ఒళ్లంతా ఇక్కడే, ఇక్కడే అని చెబుతుంటే అది సరేనంది. అంతకు ముందు మేమిద్దరం కలిసి సరిగ్గా పట్టుకున్న వాటిలో ఎన్ని దాని ముక్కు పట్టినవో, ఎన్ని నా అడుగు చెప్పినవో ఎలా తేలుతుందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదని తర్వాత తెలుసుకున్నాను. 1904 ప్రాంతంలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరు వచ్చింది. ఎంత అని అడిగితే అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు నిదానంగా పరీక్షించి, అడిగేవారికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియడం లేదని కనిపెట్టాడు. సరైన సంఖ్య రాగానే అడిగినవారి తల, భంగిమ తమకు తెలియకుండానే కొంచెం మారేవి, గుర్రం అది చూసి ఆగేది. ఆయన పుస్తకం 1907లో వచ్చింది. నూరేళ్ల తర్వాత, 2011లో, అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు ఇదే సంగతిని జాగిలాలతో చూశారు. మాదకద్రవ్యాలను, పేలుడు పదార్థాలను పట్టే 18 జట్లను ఒక చర్చి గదుల్లో వెతకమన్నారు. కొన్నిచోట్ల ఎర్ర కాగితం అంటించి, వాసన ఉన్న చోటికి అది గుర్తు అని హ్యాండ్లర్లకు చెప్పారు. నిజానికి ఏ గదిలోనూ ఏమీ దాచలేదు. 144 సార్లు వెతికితే, కుక్క ఏమీ చూపలేదని హ్యాండ్లర్లు చెప్పినవి 21 మాత్రమే. మిగతా అన్నింటిలో, లేని వస్తువు ఉందనే వచ్చింది. కుక్కలే తప్పుగా కూర్చున్నాయా, మనుషులే కూర్చున్నట్టు చూశారా అన్నది ఆ అధ్యయనం విడదీయలేదు. నాకు ఆ రెండూ ఒకే జబ్బుగా కనిపిస్తాయి.

ఇంతగా ఎందుకు పట్టించుకోవాలి అంటారా? కుక్క కూర్చున్నదంటే ఒకరి సంచి తెరుస్తారు, ఒకరి బండి ఆపి విప్పుతారు, నలుగురి ముందు ఒక మనిషి దోషిలా నిలబడతాడు. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆల్డో అనే పోలీసు కుక్క విషయంలో, నియంత్రిత పరిస్థితుల్లో జరిపిన శిక్షణ, పరీక్షల ఫలితాలే కుక్కను ఎంత నమ్మవచ్చో చెప్పే మెరుగైన కొలత అని చెప్పింది. దానికి కారణం ఉంది: బయట కుక్క పట్టకుండా వదిలేసినది చాలాసార్లు ఎవరికీ తెలియకుండానే పోతుంది, కుక్క కూర్చున్నా ఏమీ దొరకకపోతే, వస్తువును తీసేశాక మిగిలిన వాసనను నిజాయితీగానే పట్టి ఉండవచ్చు. ఈ వాదన నాకు సబబుగానే తోస్తుంది. అయితే అప్పుడు ఆ పరీక్ష నిజమైన పరీక్షై ఉండాలి. దాచిన చోటు హ్యాండ్లర్‌కు తెలియకూడదు, పక్కన నిలబడి చూసేవాడికీ తెలియకూడదు. కొన్ని గదుల్లో అసలు ఏమీ ఉండకూడదు, ఏమీ లేదని బయటికి రావడం కూడా సరైన జవాబేనని కుక్క, మనిషి ఇద్దరూ నేర్చుకోవాలి. మిగిలిన వాసన అనే మాట నిజమే అయినా ప్రతి తప్పునూ దాని వెనక దాచేవాళ్లను చూశాను, కాబట్టి తప్పిపోయినవాటిని కూడా తేదీ వేసి పుస్తకంలో రాయాలి. ఒకసారి సర్టిఫికెట్ వచ్చిందని వదిలేస్తే వాసన మీద పట్టు జారుతుంది. అమెరికా నిపుణుల మార్గదర్శకాలు నెలకు కనీసం 16 గంటల సాధన ఉండాలంటాయి, నా అనుభవంలో అది కూడా ఎక్కువేమీ కాదు.

పెట్టెలు తారుమారైన ఆ రోజు తర్వాత, ఎక్కడ దాచారో నాతో చెప్పవద్దని నేనే అడిగి మొదటిసారి వెతికాం. మూడు గదులు. మొదటి గదిలో రాణి ఏమీ చూపలేదు. ఉందో లేదో తెలియక మరోసారి తిప్పాలనిపించింది, బలవంతంగా ఆపుకుని బయటికి తీసుకొచ్చాను. రెండో గదిలో పుస్తకాల అలమర దాటి వెళ్లిపోయినది తల విసురుగా వెనక్కి తిప్పింది, నోరు మూసుకుంది, కింది అరకు ముక్కు ఆనించి చాలాసేపు గాలి లాగింది. నేను గోడ వైపు చూస్తూ లీష్ అదే వదులులో ఉంచాను. అది ఈసారి నా ముఖం చూడలేదు. కూర్చుంది. బంతి విసరాలో వద్దో నాకు తెలియదు. ఆ కొన్ని క్షణాలు నా చేయి జేబు వైపు వెళ్లలేదు. దాచినతను తలుపు అవతల నుంచి వచ్చి, అలమర చూసి, సరే అన్నాకే బంతి విసిరాను. మూడో గదికి వెళ్లేముందు పుస్తకం తెరిచి, మొదటి గది దగ్గర 'ఏమీ లేదు' అని రాశాను.

మీ
తాతయ్య