ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ ఎందుకు ఆగింది?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నాం. ముందున్న లారీని దాటుదామని ఎక్సలరేటర్ గట్టిగా తొక్కానో లేదో, కారు రెండు కుదుపులు కుదిపి చప్పబడిపోయింది. వెనక సీట్లో మా అత్తయ్య గుడి ఇంకా చాలా దూరం ఉండగానే మల్లన్నను పిలవడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మెల్లగా పోతే పోతుంది, తొక్కితే ఆగిపోతుంది.

ఇలా ఆగినప్పుడు పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతుంది. కాబట్టి పెడల్‌ను పదే పదే కొట్టకుండా ఒకే పట్టున నొక్కి, బండిని పక్కకు తీసుకోవాలి. నేనూ అదే చేశాను, చెమటలు పట్టాయన్నది వేరే సంగతి.

ఇంటికి తిరిగొచ్చాక షెడ్డులో చూపిస్తే, "ప్లగ్గులు పోయాయి సార్" అన్నాడు కుర్రాడు. సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించే ఆ ప్లగ్గులు నాలుగూ మార్చాడు. మర్నాడు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మళ్లీ అదే తంతు.

అతని అనుమానం మరీ గాలిలోంచి పుట్టింది కాదు. నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి అక్కడి వాయువు ఒత్తిడి మీద, ప్లగ్గు కొనల మధ్య దూరం మీద ఆధారపడుతుందని 1889లోనే ఫ్రెడ్రిక్ పాషెన్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త చూపించాడు. ఎక్సలరేటర్ తొక్కితే సిలిండర్లో గాలి ఎక్కువగా చేరి, ఒత్తిడి పెరుగుతుంది; రవ్వకు ఎక్కువ వోల్టేజి కావాలి. కొనలు అరిగిన ప్లగ్గు, దానికి వోల్టేజి అందించే నీరసించిన కాయిల్ ఐడిల్లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, బాగానే నెట్టుకొచ్చి, సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తాయి. కానీ అలాంటప్పుడు సాధారణంగా ఒక సిలిండర్ మిస్సయి బండి వణుకుతుంది. నాలుగూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మానేయడం అరుదు. ఇక్కడే నాకు ప్లగ్గుల మాట మీద నమ్మకం పోయింది.

ఎక్సలరేటర్ తొక్కితే పెట్రోలు పోస్తున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి మన కాలు తెరిచేది గాలి తలుపును. ఎంత గాలి వచ్చిందో సెన్సర్లు చెబితే, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో కంప్యూటర్ లెక్కేస్తుంది. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి, అంటే ఓ చిన్న సామాన్ల గదికి సరిపడేంత. గాలి దండిగా వచ్చి పెట్రోలు చాలకపోతే మిశ్రమం పలచబడి, అంటుకోవడమే మానేస్తుంది.

నాది 1.2 లీటర్ల ఇంజిన్. న్యూట్రల్లో ఊరికే తిరిగేటప్పుడు గంటకు లీటరు కూడా తాగదు. అదే ఎత్తు మీద పూర్తిగా తొక్కితే గంటకు ఇరవై లీటర్ల లెక్కన లాగేస్తుంది. పెట్రోలు దారిలో ఎక్కడైనా ఇరుకుంటే ఐడిల్లో తెలిసే అవకాశమే లేదు. షెడ్డులో నిలబెట్టి రేస్ ఇచ్చి "బాగానే ఉంది" అనడం వల్ల ఉపయోగం ఎందుకు లేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది: లోడు లేని ఇంజిన్‌కు పెద్దగా ఆకలుండదు.

రెండో మెకానిక్ పెద్దాయన. పానా పట్టకుండా ముందు ఓ ప్రశ్న వేశాడు. "ఆగేటప్పుడు ఆర్పీఎం ముల్లు ఎలా పడింది? టక్కున సున్నాకా, మెల్లగానా?" గేరులో ఉండి చక్రాలు ఇంజిన్‌ను ఇంకా తిప్పుతున్నా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే అనుమానం ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ మీదికి పోతుంది. అది కూడా వేడెక్కితే మొరాయించి, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. నా ముల్లు తడబడుతూ దిగింది.

తర్వాత స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలించాడు. పీ0171 వచ్చింది. మిశ్రమం పలచగా ఉందని దానర్థం. కోడ్ జబ్బు పేరు కాదు, లక్షణం మాత్రమే. ఇక్కడ ఉపయోగపడేది ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె. అనుకున్నదానికంటే ఎంత పెట్రోలు అదనంగా పోయాల్సి వస్తోందో కంప్యూటర్ అందులో చెబుతుంది. రబ్బరు గొట్టం చిట్లి దొంగగాలి చొరబడుతుంటే ఆ అంకె ఐడిల్లో ఎక్కువగా ఉండి, ఆర్పీఎం పెంచితే తగ్గుతుంది. పెట్రోలు అందకపోతే అందుకు తలకిందులు. నాది లోడు పెరిగేకొద్దీ పెరిగింది.

అప్పుడు పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజి తగిలించాడు. ముందుగా పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి లైనులో ఒత్తిడి దించాడు. ఆ జాగ్రత్త లేకుండా గొట్టం ఊడదీస్తే వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్ముతుంది, ఇంట్లో ప్రయత్నించే పని కాదు. బోనెట్ సందులోంచి గొట్టం బయటికి తీసి, గేజిని ముందద్దానికి బయటివైపు టేపుతో అంటించి, నన్ను నడపమన్నాడు. ఐడిల్లో ఒత్తిడి 3.5 బార్ (బార్ ఒత్తిడికి కొలమానం). ఎత్తు మీద తొక్కగానే ముల్లు 2 దిగువకు జారింది, వెంటనే కుదుపులు.

వెనక సీటు ఎత్తి, ట్యాంకులోంచి పంపు బయటికి తీశాడు. దాని అడుగున ఉండే జల్లెడ, వారం రోజులు కడగని టీ వడపోతలా గోధుమరంగు బురద పట్టి ఉంది. ఎక్కువ పెట్రోలు లాగినప్పుడు ఆ మడ్డంతా జల్లెడకు అతుక్కుంటోంది. ఇంజిన్ ఆగితే పీల్పు ఆగి, కొంత రాలిపోతోంది. ఘాట్‌లో ఐదు నిమిషాల తర్వాత స్టార్ట్ కావడం వెనకున్న మహిమ అదీ. మా అత్తయ్యకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

ట్యాంకు కడిగి జల్లెడ మార్చారు. పంపుకు అందే వోల్టేజి కొలిస్తే సరిగ్గానే ఉంది. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి ఎప్పుడూ రిజర్వులో తిప్పొద్దని పెద్దాయన హెచ్చరించాడు. మళ్లీ గేజి అంటించుకుని అదే ఎత్తు ఎక్కాం, ముల్లు 3.5 దగ్గరే నిలబడింది.

మొదటి షెడ్డులో తీసేసిన నాలుగు ప్లగ్గులూ ఇప్పటికీ డిక్కీలోనే ఉన్నాయి. వాటికేమీ కాలేదు.