పాదాలు చూడకుండా నర్తకికి మార్కులు వేయకండి: పాటల సినిమాల మీద అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు కూచిపూడి నేర్పుతుంటాను. క్లాసు వదిలే వేళకి పిల్లల కోసం వచ్చిన అమ్మానాన్నలు, తాతయ్యలు వరండాలో నిలబడి మొదలుపెట్టే వాదన ఒకటుంది. ఏ సినిమాలో పాటలు గొప్పవి, ఏ పాటలో ఎవరు బాగా ఆడారు? ఒకరు సాగర సంగమం అంటారు, ఇంకొకరు స్వర్ణకమలం అంటారు, పెద్దవాళ్లు నర్తనశాల దగ్గర ఆగిపోతారు. ఈ వాదనలంటే నాకు చాలా ఇష్టం. కాకపోతే అందులో వినిపించే కొన్ని మాటలు నిజం కావు, కొన్ని సగమే నిజం. నాట్యం నేర్పేదాన్ని కాబట్టి నేను చూసేది ముందుగా ఒకటే: తెర మీద పాదాలు కనిపిస్తున్నాయా, కనిపిస్తే అవి ఏం చేస్తున్నాయి?

అపోహ: సినిమా డాన్సంతా కటింగుల మాయ, ఎవరైనా ఆడేయొచ్చు.

కొన్ని పాటల్లో అది నిజమే. ముఖం ఒక షాటు, చెయ్యి ఒక షాటు, తిరిగిన నడుము ఇంకో షాటు. తాళం పడిన ప్రతిచోటా ఒక కట్. అలాంటి పాటలో అడుగు సరిగ్గా పడిందో లేదో నాకే కాదు, ఏ గురువుకీ తెలియదు. అంతమాత్రాన అన్ని పాటలనీ అదే గాటన కట్టేయకూడదు. నర్తనశాల (1963)లో ‘సలలిత రాగ సుధారస సారం’ పెట్టుకుని చూడండి. బృహన్నలగా ఎన్టీఆర్, ఉత్తరగా ఎల్. విజయలక్ష్మి. నలభై ఏళ్ల వయసులో, అప్పటికే అంత పెద్ద హీరో, ఆ పాత్ర కోసం నృత్యం నేర్చుకున్నారు. విజయలక్ష్మి గారు నృత్యంలో పండిన మనిషి. ఆమె అరమండిలో (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలో) కూర్చున్న తీరు, అడుగుకీ అడుగుకీ మధ్య ఒళ్లు కుదుపు లేకుండా నిలిచే తీరు మా పిల్లలకి చూపిస్తాను. ఎన్టీఆర్ గారి బలం అడుగులో కన్నా చూపులో, చేతుల నిండుతనంలో ఉంది. నేర్పే గురువు పాత్రకి అది చక్కగా అమరింది. ఎవరి బలం ఎక్కడుందో ప్రేక్షకుడికి తెలిసేలా తీశారు, అందుకే ఆ పాట ఇన్నేళ్లయినా వాదనకి నిలుస్తోంది.

హాలీవుడ్‌లో ఇదే పట్టుదల నటుడు, నర్తకుడు ఫ్రెడ్ అస్టైర్‌ది. జింజర్ రోజర్స్‌తో కలిసి ఆయన పది సినిమాలు చేశాడు. నృత్యం జరుగుతున్నంతసేపూ తల నుంచి పాదాల దాకా మనిషి మొత్తం ఫ్రేములో ఉండాలి, కట్‌లు వీలైనంత తక్కువ ఉండాలి అని 1930ల్లోనే పట్టుబట్టాడు. అలా తీస్తే తప్పు దాచుకోవడానికి చోటుండదు. ఒక్క అడుగు తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే.

అపోహ: మనకి వినిపించే గజ్జెల చప్పుడు ఆ నర్తకి కాళ్లదే.

కాదు. మన సినిమాల్లో పాట ముందే రికార్డవుతుంది. సెట్లో దాన్ని స్పీకర్లలో వేస్తారు, నర్తకి దానికి ఆడుతుంది. అక్కడి చప్పుడు సినిమాలోకి రాదు. గజ్జెల మోతని పాటతో పాటుగానో, ఆ తర్వాతో వేరుగా చేరుస్తారు. అమెరికన్ సినిమాల్లో ట్యాప్ నృత్యం చేసే బూట్ల టకటకలు కూడా చాలావరకు తర్వాత చేర్చినవే. అందుకే పిల్లలకి ఒక పని చెబుతాను: పాటని ఒకసారి సౌండు తీసేసి చూడండి. చెవి సాయం లేనప్పుడు కంటికి అసలు సంగతి తెలుస్తుంది. పాదం నిండుగా నేలని తాకిందా, మడమ లేచే ఉందా, తీర్మానం (అడుగుల ముగింపు వరస) చివర సమం (తాళం మొదటి దెబ్బ) మీద శరీరం ఆగిందా, ఆగినట్టు కట్ చేశారా, అన్నీ బయటపడతాయి. ఇలా చూశాక పిల్లల ఇష్టాలు మారిపోవడం చాలాసార్లు గమనించాను.

అపోహ: ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ వాన పాటలో నీళ్లలో పాలు కలిపారు.

ఇంగ్లీషు పాటల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు. చినుకులు తెర మీద కనిపించాలని కలిపారట. పాలు కలపలేదు. వానకి వెనక నుంచి వెలుగు పడితే చినుకు మెరుస్తుంది. 1952లో వచ్చిన ఆ పాటలో చేసింది ఆ లైటింగే. అందులో ఆడిన జీన్ కెల్లీ ఆ రోజుల్లో ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఆడాడన్నది మాత్రం నిజం.

అపోహ: సినిమా వచ్చాకే శాస్త్రీయ నృత్యం పాడైపోయింది.

ఈ మాట మా రంగంలోని వాళ్లే అంటున్నప్పుడు నాకు బాధగా ఉంటుంది. తెలుగు సినిమా నృత్యానికి పునాది వేసింది కూచిపూడి వాళ్లే. వేదాంతం రాఘవయ్య గారు కూచిపూడి గ్రామంలో పుట్టి, ఆ సంప్రదాయంలోనే పెరిగారు. రైతుబిడ్డ (1939) నాటికే సినిమాకి నృత్యం సమకూర్చారు. దేవదాసు (1953), సువర్ణసుందరి (1957) తీసిన దర్శకుడూ ఆయనే. ఆయన రహస్యం (1967)లో పెట్టిన ‘గిరిజా కల్యాణం’ యక్షగానాన్ని చూడనివాళ్లు తప్పక చూడాలి. మల్లీశ్వరి (1951), మాయాబజార్ (1957) సినిమాల నృత్యాల వెనక ఉన్న పసుమర్తి కృష్ణమూర్తి గారూ కూచిపూడి వారే. మాయాబజార్‌లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి ఆడే ‘ఆహ నా పెళ్లంట’ తీసుకోండి. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడి బరువు కనిపించాలి, మళ్లీ లాస్యం చెడకూడదు. ఆ ఒక్క పాట మీద నేను నాలుగు పాఠాలు చెప్పగలను.

వెంపటి చినసత్యం గారు మద్రాసు చేరి, సినిమాల్లో పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. శంకరాభరణం (1980)లో తులసి పాత్ర వేసిన మంజుభార్గవి ఆయన శిష్యురాలే. ఆ సినిమా చూసి ఎంతమంది తల్లిదండ్రులు ఆడపిల్లల్ని సంగీతానికీ నాట్యానికీ పంపారో మన ఊళ్లోనే అడిగి తెలుసుకోవచ్చు. సినిమా మా నుంచి తీసుకుంది, మాకు పిల్లల్ని ఇచ్చింది.

నిజంగా మనం పోగొట్టుకుంటున్నది వేరే ఉంది. మన కార్వేటినగరం సంస్థానంలో సారంగపాణి అనే కవి వేణుగోపాలస్వామి మీద రాసిన ‘పదాలు’ అనే పాటలు ఉన్నాయి. తీరిగ్గా, కూర్చుని కూడా అభినయించగల పదాలు. మన ప్రాంతం పిల్లలకే వాటి పేరు తెలియదు. ఆ నేరం సినిమాది కాదు, నేర్పని మాది.

అపోహ: విశ్వనాథ్ గారి సినిమాల్లో ఉన్నదంతా కూచిపూడే.

సాగర సంగమం (1983)లో కమల్ హాసన్ పాత్ర బాలు ఒకే సాహిత్యాన్ని వేర్వేరు నృత్య శైలుల్లో ఆడి చూపిస్తాడు. ఆ సన్నివేశమే ఈ అపోహకి జవాబు. స్వర్ణకమలం (1988)లో భానుప్రియ పాత్ర కూచిపూడి పండితుడి కూతురు. అందులో కనిపించే షారన్ లోవెన్ మాత్రం కేలూచరణ్ మహాపాత్ర దగ్గర ఒడిస్సీ నేర్చిన అమెరికన్ నర్తకి. ఒడిస్సీలో మెడ, నడుము, మోకాలు మూడు వంపులుగా ఒరిగి నిలబడే త్రిభంగి ఉంటుంది, కూచిపూడి నడక వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే పదేళ్ల పిల్ల కూడా తేడా పట్టేస్తుంది.

అపోహ: ‘అన్నమయ్య’ సినిమాలో పాటలన్నీ అన్నమయ్యవే, వాటి వరసలూ ఆయనవే.

తిరుపతిలో నాట్యం నేర్పేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. అన్నమాచార్య జయంతి వస్తుందంటే పిల్లలు ‘తెలుగు పదానికి జన్మదినం’ ఆడతామని వస్తారు. మంచి పాటే, కానీ అది వేటూరి సుందరరామమూర్తి గారు 1997లో ఆ సినిమా కోసం రాసింది. సినిమా యుగళగీతం అనుకుని పెద్దలు వద్దనే ‘ఏలే ఏలే మరదలా’ మాత్రం అచ్చంగా అన్నమయ్యదే! ‘బ్రహ్మ కడిగిన పాదము’, ‘అంతర్యామి’ కూడా ఆయనవే.

వరసల సంగతి ఇంకా ముఖ్యం. తిరుమలలో దొరికిన రాగి రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. కీర్తనని ఎలా పాడాలో చెప్పే స్వరం మాత్రం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు ఆ సాహిత్యాన్ని వెలికితీసి పరిష్కరించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, మన తిరుపతిలోనే ఉండి 2025లో కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు వాటికి స్వరాలు కట్టారు. మనం ఇళ్లలో పాడుకునే ‘నానాటి బతుకు నాటకము’కి రేవతి రాగంలో కట్టిన వరస నేదునూరి గారిది, ‘వినరో భాగ్యము విష్ణుకథ’ వరస బాలకృష్ణప్రసాద్ గారిది. సినిమాలోని సంగీతం కీరవాణి గారిది, దానికి ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు. కాబట్టి వేదిక మీద పరిచయం చేసేటప్పుడు సాహిత్యం ఎవరిదో, వరస ఎవరిదో రెండూ చెప్పించండి. పిల్లలు పేర్లతో సహా నేర్చుకుంటారు.

ఇదే కోవలో ఇంకోటి. చిత్తూరు నాగయ్య గారు చిత్తూరులో పుట్టలేదు, ఆయన పుట్టింది రేపల్లెలో. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో వేషాలు వేసి పేరు తెచ్చుకోవడంతో ఊరు ఆయన పేరులో కలిసిపోయింది. త్యాగయ్య (1946)లో నటన, గానం, దర్శకత్వం మూడూ ఆయనవే. పుట్టలేదని తెలిశాక కూడా ఆయన మనవాడే అని నేను గట్టిగా అంటాను.

అపోహ: నాటు నాటు డాన్సుకి ఆస్కార్ వచ్చింది.

2023లో వచ్చింది పాటకి. అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. నృత్య దర్శకత్వానికి ఆస్కార్ 1935 నుంచి 1937 దాకా వచ్చిన సినిమాలకే ఇచ్చారు, తర్వాత ఎత్తేశారు. కీవ్‌లో మరియిన్‌స్కీ భవనం ముందు ఇద్దరు హీరోల్నీ ఆ వేగంలో ఒకే కాలిలా కదిలించిన ప్రేమ్ రక్షిత్‌కి మన జాతీయ పురస్కారం దక్కింది. ఆ పాటలోని వెడల్పు షాట్లలో నాలుగు పాదాలూ కనిపిస్తాయి. నా లెక్కలో ఆ పాట గెలిచింది అక్కడే.

అపోహ: ‘వంజికోట్టై వాలిబన్’ పోటీలో పద్మిని గెలిచేసింది.

చిత్తూరు ఇళ్లలో ఈ 1958 తమిళ సినిమాలో పద్మిని, వైజయంతిమాల ఆడిన పోటీ నృత్యం గురించి తాతమ్మలు కూడా ఓట్లు వేస్తారు. ఎక్కువ ఓట్లు పద్మినికే పడతాయి. ఆమె తిరువిడైమరుదూర్ మహాలింగం పిళ్లై శిష్యురాలు, వైజయంతిమాల వళువూర్ రామయ్య పిళ్లై శిష్యురాలు. ఇద్దరిదీ గట్టి భరతనాట్య శిక్షణే, కాబట్టి నేర్చినదీ నేర్వనిదీ అన్న తేడా అక్కడ లేదు. ముఖాభినయంలో పద్మిని ఒక మెట్టు పైనే. అడుగుల తేటదనంలో, మలుపు తిరిగి వెంటనే నిలదొక్కుకోవడంలో వైజయంతిమాలకి సాటి లేదు. 2024లో తొంభై ఏళ్ల వయసులో అయోధ్యలో ఆమె ఆడిన వీడియో చూసినా, అరమండిలో కూర్చున్న ఆ శిక్షణ ఇంకా కనిపిస్తుంది. సౌండు తీసేసి ఇద్దరినీ చూశాక నా ఓటు వైజయంతిమాలకే.